టైమర్ ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి మూడో వైరు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బాత్రూంలో టైమర్ ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించారు. లైటు వేస్తే ఫ్యాన్ తిరగాలి, లైటు ఆపాక ఇంకో పది పదిహేను నిమిషాలు తిరిగి దానంతట అదే ఆగాలి. ఫ్యాన్ లోపల ఎల్, ఎల్‌టీ, ఎన్ అని మూడు టెర్మినళ్లు ఉన్నాయి. లైటు పాయింటు దగ్గర చూస్తే ఒక ఫేజ్, ఒక న్యూట్రల్, వాటి పక్కన ఒక పచ్చ వైరు. ఎల్, ఎల్‌టీ రెండూ కలిపి లైటు ఫేజ్‌కి ఇచ్చారు. ఫ్యాన్ తిరుగుతోంది గానీ లైటు ఆపగానే ఆగిపోతోంది. గీజర్ పాయింటు పక్కనే ఉంది కదా, ఎప్పుడూ ఉండే ఫేజ్ అక్కడి నుంచి లాగేస్తే సరిపోతుంది అని ఎవరో చెప్పారు.

గీజర్ నుంచి తీసుకోకండి. ఆ పచ్చ వైరుని మూడో వైరుగా వాడే ఆలోచన కూడా ఉంటే మానేయండి. లైటు స్విచ్ బోర్డు నుంచి ఇంకో వైరు లాగాలి. పని కాస్త పెరుగుతుంది, కానీ పద్ధతి అదే. ఎందుకో చెబుతాను.

మొదట మీ ఫ్యాన్ ఎందుకు ఆగుతోందో చూద్దాం. టైమర్ ఫ్యాన్‌లో చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. మోటారు తిరగడానికి కరెంటు ఎల్ నుంచి వస్తుంది. ఎల్‌టీ పని మోటారుని తిప్పడం కాదు, "లైటు వేశారు, లైటు ఆపారు" అని బోర్డుకి కబురు చెప్పడం. కొన్ని ఫ్యాన్ల మీద దీన్నే ఎస్ఎల్ అని రాస్తారు. లైటు ఆపాక ఆ కబురు ఆగుతుంది, బోర్డు నిమిషాలు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. అంతసేపూ ఎల్ దగ్గర కరెంటు ఉండాలి. మీరు రెండూ కలిపి స్విచ్ దాటి వచ్చిన ఫేజ్‌కి ఇచ్చారు. స్విచ్ ఆపేసరికి కబురుతో పాటు కరెంటూ పోయింది. ఫ్యాన్‌లో లోపం ఏమీ లేదు. మార్చి ఇంకోటి తెచ్చినా ఇలాగే ఆగుతుంది.

ఇక గీజర్ సంగతి. వినడానికి తెలివైన సలహాలాగే ఉంటుంది. ఫేజ్ ఎక్కడిదైనా ఫేజే కదా అనిపిస్తుంది. కానీ గీజర్ లైనుకి వేరే ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతట అదే పడిపోయే స్విచ్) ఉంటుంది, లైట్లకి వేరే ఉంటుంది. ఎల్ గీజర్ నుంచి, ఎల్‌టీ, న్యూట్రల్ లైటు నుంచి తీసుకుంటే ఫ్యాన్ అనే ఒక్క చిన్న డబ్బాలోకి రెండు సర్క్యూట్లు వచ్చి చేరతాయి. రెండేళ్ల తర్వాత ఎవరో ఫ్యాన్ శుభ్రం చేయడానికి లైట్ల ఎంసీబీ దించి మూత తీస్తారు. లైటు వెలగడం లేదు కాబట్టి కరెంటు లేదనే అనుకుంటారు. ఎల్ టెర్మినల్ మీద మాత్రం నిక్షేపంగా 230 వోల్టులు ఉంటాయి. ఆ మనిషి నిలబడింది తడి నేల మీద.

ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పితే లైను తెంచేసే రక్షణ స్విచ్) ఉన్న ఇళ్లలో ఇంకో తిరకాసు ఉంది. ఆర్‌సీసీబీ చేసే పని ఒక్కటే. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లు దాటే లోపే పడిపోవాలి. ఇప్పుడు 25 వాట్ల ఫ్యాన్ తీసుకునే కరెంటు 110 మిల్లీ ఆంపియర్ల దాకా ఉంటుంది. అది గీజర్ ఫేజ్‌లో వెళ్లి లైట్ల న్యూట్రల్‌లో తిరిగి వస్తోంది. రెంటికీ వేర్వేరు ఆర్‌సీసీబీలు ఉంటే గీజర్ వైపు దానికి 110 వెళ్లి తిరిగి రానట్టు, లైట్ల వైపు దానికి ఎక్కడి నుంచో 110 ఊడిపడినట్టు కనిపిస్తుంది. ఫ్యాన్ తిరగడం మొదలవగానే రెంటిలో ఏదో ఒకటి పడుతుంది, ఒక్కోసారి రెండూ పడతాయి. ఇల్లంతటికీ ఒకటే ఆర్‌సీసీబీ ఉంటే ఏదీ పడదు. అందుకే "మా ఇంట్లో ఇలాగే ఉంది, బాగానే పనిచేస్తోంది" అనేవాళ్లు దొరుకుతారు. పడకపోవడమూ, సరిగ్గా ఉండటమూ ఒకటి కాదు.

ఇంకో సంగతి మీ సలహాదారుకి తట్టి ఉండదు. ఇంటికి త్రీ ఫేజ్ కనెక్షన్ ఉంటే గీజర్ ఒక ఫేజ్ మీద, లైట్లు మరో ఫేజ్ మీద ఉండొచ్చు. అప్పుడు ఎల్‌కీ ఎల్‌టీకీ మధ్య ఉండేది సున్నా కాదు, దాదాపు 400 వోల్టులు. గోరంత టైమర్ బోర్డు మీద, పక్కపక్కనే ఉన్న రెండు స్క్రూల మధ్య 400 వోల్టులు! బోర్డు కాలిపోతే అదృష్టమే అనుకోవాలి. కాలకుండా పనిచేస్తూ, మూత తీసేవాడి కోసం కాచుకుని ఉంటే అసలు చిక్కు.

గీజర్ లైను మీద సాధారణంగా 16 లేదా 20 ఆంపియర్ల ఎంసీబీ ఉంటుంది. పూర్తి షార్ట్ అయితే అది పడుతుంది, నిజమే. కానీ మోటారు చుట్ట సగం కాలి మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుతూ వేడెక్కుతుంటే, 20 ఆంపియర్ల ఎంసీబీకి అది తప్పుగానే కనిపించదు. కొన్ని ఫ్యాన్ల కాగితంలో 3 ఆంపియర్ల ఫ్యూజు వేయమని అడిగేది ఇందుకే. మీ ఫ్యాన్ కాగితంలో ఆ మాట ఉంటే ఫ్యూజు వేయాల్సిందే. లేకపోతే 6 ఆంపియర్ల లైటింగ్ ఎంసీబీ చాలు.

పచ్చ వైరు విషయం రెండు ముక్కల్లో తేల్చేస్తాను. అది ఎర్త్. దానికి ఎర్ర టేపు చుట్టి ఫేజ్‌గా వాడితే, టేపు ఊడిపోయిన రోజున ఎవరో దాన్ని ఎర్త్ అనుకుని లైటు ఇనుప డబ్బాకి బిగిస్తారు. ఆపైన చెప్పక్కర్లేదు.

సరైన దారి ఇదీ. బాత్రూం లైటు స్విచ్ వెనక చూస్తే రెండు స్క్రూలు ఉంటాయి. ఒకదానికి ఎంసీబీ నుంచి ఫేజ్ వస్తుంది, అది ఎప్పుడూ ఉండేది. రెండో దాని నుంచి లైటుకి వెళుతుంది, అది స్విచ్ వేస్తేనే ఉండేది. ఎప్పుడూ ఉండే ఆ మొదటి స్క్రూ నుంచి కొత్త వైరు ఒకటి ఫ్యాన్ ఎల్‌కి వెళ్లాలి. లైటుకి వెళ్లే వైరు నుంచి ఒక లూపు ఎల్‌టీకి. లైటు న్యూట్రల్ నుంచి ఒక లూపు ఎన్‌కి. మీరు ఎల్‌కీ ఎల్‌టీకీ మధ్య వేసిన లింకు తీసేయాలి, లేదంటే ఫ్యాన్ ఆగమన్నా ఆగదు. పైగా ఆ లింకు ద్వారా ఫేజ్ వెనక్కి వెళ్లి, స్విచ్ ఆపినా లైటు వెలుగుతూనే ఉంటుంది. మూడు వైర్లూ ఒకే ఎంసీబీ కిందివి, ఒకే న్యూట్రల్‌వి. ఈ ఒక్కటి పాటిస్తే పైన చెప్పిన బాధలేవీ ఉండవు.

లైటింగ్ లైను ఇంత భారం మోస్తుందా అని సందేహం వద్దు. 6 ఆంపియర్ల ఎంసీబీ 230 వోల్టుల దగ్గర 1380 వాట్ల దాకా ఇస్తుంది. మీ ఫ్యాన్ పాతిక వాట్లు. అయితే ఆ లైటుకి డిమ్మర్ ఉంటే మాత్రం ఫ్యాన్‌ని దాని వెనక పెట్టకండి. మోటారు గుయ్‌మని మూలిగి వేడెక్కుతుంది, టైమర్ బోర్డు అయోమయంలో పడుతుంది.

వైరు లాగే పని గురించి ఒక మాట. పాత వైరు చివర కొత్త వైరు కట్టి లాగుదామని అందరికీ అనిపిస్తుంది. మధ్యలో ముడి ఇరుక్కుంటే ఉన్న లైటూ పోతుంది. సన్నటి స్టీల్ స్ప్రింగు పైపులోకి పంపి, దాని కొక్కేనికి వైరు మడిచి, ముడి లావు కాకుండా టేపు ఏటవాలుగా చుట్టి లాగండి. ఒకరు బోర్డు దగ్గర వైరు నెడుతూ, ఇంకొకరు పైన నిదానంగా లాగాలి. ఎక్కడైనా బిగుసుకుంటే ఒక బెత్తెడు వెనక్కి వదిలి మళ్లీ లాగాలి తప్ప బలం చూపించకూడదు. లైటింగ్ లైనులో ఏ సైజు వైరు ఉందో అదే సైజు వేయండి, సాధారణంగా 1.5 చదరపు మిల్లీమీటర్లు. రంగు మాత్రం వేరేది తీసుకోండి, ఎల్ ఏదో ఎల్‌టీ ఏదో చూడగానే తెలియాలి. పచ్చ, నలుపు, నీలం రంగులు మాత్రం ఫేజ్‌కి వాడొద్దు.

బోర్డు విప్పినప్పుడే ఇంకో పరీక్ష చేయించండి. స్విచ్ ఆపి ఉంచి, లైటు హోల్డర్ దగ్గర ఫేజ్ ఉందేమో చూడాలి. ఉంటే మీ స్విచ్ ఫేజ్‌ని కాకుండా న్యూట్రల్‌ని తెంచుతోందని అర్థం. పాత ఇళ్లలో ఇది నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. అలా ఉన్నంతకాలం బల్బు మార్చేవాడికి ప్రమాదమే. టైమరూ పనిచేయదు, ఎందుకంటే ఎల్‌టీకి ఫేజ్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. ముందు అది సరిచేయాలి.

పైపు మూసుకుపోయి వైరు రానే రాకపోతే? గోడ పగలగొట్టే ముందు ఒక్క క్షణం ఆలోచించండి. ఎల్, ఎల్‌టీ కలిపి లైటుతో పాటే ఫ్యాన్ తిరిగేలా ఇప్పుడున్నట్టే వదిలేసి, స్విచ్ బోర్డులో ఆలస్యంగా ఆగే టైమర్ మాడ్యూల్ పెట్టించొచ్చు. బోర్డులో న్యూట్రల్ ఉండాలి, అంతే. లైటు కూడా ఆ పదిహేను నిమిషాలు వెలుగుతుంది, నిజమే. 9 వాట్ల ఎల్‌ఈడీ అయితే రోజుకి గంట అదనంగా వెలిగినా నెలకి 270 వాట్ అవర్లు, అంటే ఒక యూనిట్‌లో పావు వంతు కంటే కాస్త ఎక్కువ. దానికోసం టైల్స్ పగలగొట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది.

ఇక అందరూ వదిలేసేది ఐసొలేటర్, అంటే ఫ్యాన్‌కి వచ్చే కరెంటుని పూర్తిగా తెంచే స్విచ్. టైమర్ ఫ్యాన్‌కి బాత్రూం బయట, తలుపు పైన, మూడు పోళ్ల ఐసొలేటర్ ఉండాలి. ఎల్, ఎల్‌టీ, న్యూట్రల్ మూడూ ఒకేసారి తెగాలి. మామూలు స్విచ్ ఎందుకు చాలదో నేను నా చేత్తోనే నేర్చుకున్నాను. పని నేర్చుకున్న కొత్తలో ఒక ఇంట్లో ఫ్యాన్ ఆగడం లేదంటే వెళ్లాను. తలుపు పైన ఫ్యాన్‌కి ఒక స్విచ్ ఉంది. ఆపాను, ఫ్యాన్ ఆగింది. నిచ్చెన ఎక్కి మూత తీసి, లోపల చీకటిగా ఉందని కింద ఉన్నాయన్ని లైటు వేయమన్నాను. నేనే అడిగి వేయించుకున్నాను చూడండి! నేను ఆపింది ఎల్ ఒక్కటే. లైటు వేయగానే ఎల్‌టీలోకి ఫేజ్ వచ్చింది. స్క్రూడ్రైవర్ పట్టుకున్న చేతి చూపుడు వేలు ఆ స్క్రూకి తగిలింది. నిచ్చెన మీంచి పడలేదు గానీ, మోచెయ్యి దాకా ఆ జివ్వుమన్నది సాయంత్రం వరకూ ఉంది. అప్పటి నుంచి నేను మూడు పోళ్లది లేకుండా టైమర్ ఫ్యాన్ బిగించను, ఎవరైనా వద్దన్నా సరే.

కరెంటు పోయిందా లేదా అన్నది కూడా సరిగ్గా చూడాలి. జేబులో పెట్టుకునే టెస్టర్ వెలిగితే కరెంటు ఉన్నట్టే, కానీ వెలగకపోతే లేనట్టు కాదు. మీరు చెక్క నిచ్చెన మీద ఉన్నా, ఎండ పడుతున్నా ఆ సన్నటి వెలుగు కనిపించకపోవచ్చు. రెండు కడ్డీల టెస్టర్ గానీ మల్టీమీటర్ గానీ వాడండి. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకోవాలి, తర్వాత ఫ్యాన్ దగ్గర చూడాలి, మళ్లీ మొదటి చోట చూడాలి. మధ్యలో మీటరే చచ్చిపోయి ఉండొచ్చు కదా. మల్టీమీటర్‌లో ఇంకో వింత ఉంది. లైటు స్విచ్ ఆపి ఉన్నా ఎల్‌టీ దగ్గర 50, 70 వోల్టులు చూపించి కంగారు పెడుతుంది. పక్కనే ఎప్పుడూ కరెంటు ఉండే వైరు పోతోంది కాబట్టి, ఎక్కడా తగలకుండా గాల్లో ఉన్న వైరులో అలా కనిపిస్తుంది. లైటు బల్బు తగిలిస్తే చాలాసార్లు ఆ అంకె పడిపోతుంది. అయినా ఎంసీబీ దించాక కూడా ఏదైనా అంకె కనిపిస్తే దెయ్యం వోల్టేజీలే అని కొట్టిపారేయకండి. ఎక్కడి నుంచి వస్తోందో తేలే వరకూ చెయ్యి పెట్టొద్దు.

ఫ్యాన్ మీద చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ రకం, దానికి ఎర్త్ అక్కర్లేదు. అక్కర్లేదు కదా అని పచ్చ వైరు కత్తిరించకండి. ఒక కనెక్టర్‌లో బిగించి డబ్బాలోనే ఉంచండి. రేపు ఇనుప బాడీ ఉన్న ఫ్యాన్ పెడితే అదే కావాలి.

మీ ఫ్యాన్ షవర్‌కి ఎంత దూరంలో ఉందో మీరు రాయలేదు. తొట్టి లేకుండా నేల మీదే స్నానం చేసే బాత్రూంలో, షవర్ నుంచి 1.2 మీటర్ల లోపు, నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు లోపు ఉన్న చోటు ప్రమాదకరమైనదని అంతర్జాతీయ వైరింగ్ ప్రమాణం చెబుతుంది. అక్కడ పెట్టే ఏ వస్తువుకైనా కనీసం ఐపీఎక్స్4 రేటింగ్, అంటే నీళ్లు చిందినా తట్టుకునే రక్షణ, ఉండాలి. కుదిరితే అంతకంటే ఎత్తులో పెట్టండి. షవర్ దగ్గరే కింద పెట్టక తప్పకపోతే 12 వోల్టుల ఫ్యాన్ తీసుకుని, దాని ట్రాన్స్‌ఫార్మర్ బాత్రూం బయట ఉంచండి. బాత్రూంకి వెళ్లే లైను మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ముందు అది పెట్టించండి. ఫ్యాన్ ఆ తర్వాత. చాలా దేశాల్లో బాత్రూం వైరింగ్ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి. నేను రాసిందంతా మీరు చేయడానికి కాకపోయినా, చేసేవాళ్లు సరిగ్గా చేస్తున్నారో లేదో చూసుకోవడానికి పనికొస్తుంది.

పని అయ్యాక ఒకటి గమనిస్తారేమో. లైటు ఆపినా ఎల్‌ఈడీ మిణుగురులా సన్నగా వెలుగుతూ ఉండొచ్చు. ఇందాకటి 50, 70 వోల్టుల కథే ఇది. కొత్తగా లాగిన ఫేజ్ వైరు పక్కనే లైటు వైరు పోతోంది కాబట్టి ఆ కొద్దిపాటి కరెంటుకే ఎల్‌ఈడీ వెలుగుతుంది. లైటుకి సమాంతరంగా చిన్న స్నబ్బర్ (కెపాసిటర్, రెసిస్టర్ కలిసిన చిన్న భాగం) వేస్తే పోతుంది. స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ దీపం ఉన్నా ఇదే జరుగుతుంది.

వైరింగ్ ఎంత బాగున్నా గాలి రాకపోతే ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది. లోపలి గాలి బయటికి పోవాలంటే అంత గాలీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి. తలుపు కింద కనీసం ఒక సెంటీమీటరు సందు ఉంచండి. మామూలు సైజు బాత్రూంకి గంటకి 85 ఘనపు మీటర్లు, అంటే 50 సీఎఫ్ఎం (నిమిషానికి 50 ఘనపు అడుగులు) లాగే ఫ్యాన్ సరిపోతుంది. గొట్టం వేస్తే పొట్టిగా, వంపులు లేకుండా, బయటి వైపుకి కాస్త వాలుగా ఉండాలి. వాలు లేకపోతే గొట్టంలో ఆవిరి నీరై వెనక్కి వచ్చి మోటారులో పడుతుంది. ఫాల్స్ సీలింగ్ లోపలికి మాత్రం వదలొద్దు, ఆర్నెల్లలో పైన బూజు పడుతుంది.

మీ గీజర్ కరెంటుదా గ్యాస్‌దా? గ్యాస్‌ది అయి, బాత్రూంలోనే ఉంటే పైన చెప్పిందంతా పక్కన పెట్టి ముందు దాన్ని బయటికి మార్చండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అనే ధీమా వద్దు. తలుపులు బిగించి ఫ్యాన్ గట్టిగా లాగుతుంటే గీజర్ పొగ గొట్టంలోంచి బయటికి పోవాల్సిన గాలి వెనక్కి లోపలికే రావచ్చు. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు.

అన్నీ బిగించాక లైటు వేసి, ఫ్యాన్ జాలీకి ఒక టిష్యూ కాగితం ఆనించి వదలండి. అతుక్కుని నిలబడితే గాలి లాగుతోంది. పడిపోతే తలుపు కొంచెం తెరిచి మళ్లీ చూడండి. అప్పుడు అతుక్కుంటే మీకు కావాల్సింది పెద్ద ఫ్యాన్ కాదు, తలుపు కింద సందు. టైమర్ స్క్రూని మొదట పదిహేను నిమిషాలకి పెట్టి ఒక వారం చూడండి. ఫ్యాన్ ఆగాక కూడా అద్దం మీద ఆవిరి ఉంటే ఇరవైకి పెంచండి. ఆ స్క్రూ తిప్పే ముందు కూడా ఐసొలేటర్ ఆపాలి, మర్చిపోకండి.